హైదరాబాద్‌లో మొదటిసారి విడిగా ఉండటం: నెలకి 12 వేలు సరిపోతాయా? రూమా, హాస్టలా?

ఒంగోలు_పిల్ల:

అన్నలూ అక్కలూ, నాకు ఘట్‌కేసర్ వైపు ఒక కాలేజీలో బీటెక్ సీటొచ్చింది. ఇల్లు వదిలి ఉండటం ఇదే మొదటిసారి. ఫీజు నాన్న విడిగా కడతారు. ఖర్చులకి నెలకి 12,000, మొదట్లో సామానుకీ అడ్వాన్సుకీ కలిపి ఒకసారి 25,000 ఇస్తానన్నారు. ఇంటర్‌లో నాతో చదివిన ఇద్దరు కూడా అక్కడే చేరుతున్నారు. ముగ్గురం కలిసి బోడుప్పల్‌లో సింగిల్ బెడ్‌రూమ్ పోర్షన్ తీసుకుందామనుకుంటున్నాం. అద్దె 12,000, అడ్వాన్సు రెండు నెలలది. లేదంటే లేడీస్ హాస్టల్, త్రీ షేరింగ్, భోజనంతో కలిపి 6,500 చెప్పారు.

రూమ్ తీసుకుంటే నెలకి నేను వేసుకున్న లెక్క: అద్దె 4,000, సరుకులు 2,500, కరెంటు 300, వైఫై 200, ఫోన్ 300, బస్సు 0 (తెలంగాణలో ఆడవాళ్లకి ఫ్రీ కదా), పై ఖర్చులు 1,000. మొత్తం 8,300. నెలకి 3,700 మిగులుతుంది. నాన్నకి చూపిస్తే "అంత మిగలదమ్మా" అని నవ్వేశారు గానీ ఎందుకు మిగలదో చెప్పలేదు. ఎక్కడ తప్పింది? వంట మా ముగ్గురికీ ఓ మోస్తరుగా వచ్చు.

చిట్టాపద్దు:

మీ నాన్నగారు చెప్పిందే నిజం. మీరు రాసిన అంకెలు పెద్దగా తప్పు కాదు, రాయనివే ఎక్కువున్నాయి. నెలనెలా రాని ఖర్చులు నెల లెక్కలో కనపడవు. అందుకే చదువుకునేవాళ్లు నెలకి కాకుండా సెమిస్టర్‌కి లెక్క వేసుకోవాలి. సెమిస్టర్ అయిదు నెలలనుకుంటే మీ చేతికొచ్చేది 60,000. అందులోంచి ముందుగా ఇవి తీసి పక్కన పెట్టండి:

పరీక్ష ఫీజు సుమారు 1,000. రికార్డులు, అబ్జర్వేషన్ పుస్తకాలు, జిరాక్సులు, స్పైరల్ బైండింగులు 1,500. మొదటి సెమిస్టర్‌లో సైంటిఫిక్ కాలిక్యులేటర్, డ్రాఫ్టర్, ల్యాబ్ కోటు కలిపి 2,000 (సీనియర్ల దగ్గర డ్రాఫ్టర్ సగం ధరకి దొరుకుతుంది, కొత్తది కొనకండి). ఊరికి మూడు ప్రయాణాలు, రానూపోనూ వెయ్యి చొప్పున 3,000. జ్వరమో పన్నునొప్పో వస్తే 1,000. బట్టలు, చెప్పులు, కాలేజీ ఫెస్ట్, ఫ్రెషర్స్ చందా 2,000. కూడితే 10,500. అయిదుతో భాగిస్తే నెలకి 2,100. మీ 3,700 మిగులులో సగానికి పైగా ఇక్కడే పోయింది.

ఫోన్ రీచార్జి కూడా చూడండి. 28 రోజుల ప్లాన్ అంటే ఏడాదికి 12 కాదు, 13 రీచార్జిలు. 300 ప్లాన్ నెలకి 325 పడుతుంది. వైఫై ప్లాన్ 499 అని బోర్డు మీద ఉంటుంది, 18 శాతం జీఎస్టీ కలిస్తే 589. ముగ్గురికి పంచితే దాదాపు 200, అది మీరు సరిగ్గానే వేశారు. అపార్ట్‌మెంట్ అయితే మెయింటెనెన్స్ అద్దెలో కలిసిందా, విడిగానా అని అడగండి. విడిగా అయితే మీ వాటా 300 దాకా ఉంటుంది. సబ్బులు, షాంపూ, ప్యాడ్లు, సర్ఫు 500. ఇవి "పై ఖర్చులు 1,000"లో సర్దుకుంటాయనుకుంటారు. సర్దుకోవు, ఆ వెయ్యి కాలేజీ క్యాంటీన్ టీ, సమోసాలకే చాలదు.

మళ్లీ వేద్దాం. అద్దె 4,000, మెయింటెనెన్స్ 300, తిండి గ్యాస్‌తో కలిపి 2,200, కరెంటు 350, వైఫై 200. గడప లోపలి ఖర్చు 7,050. బస్సు 700 (ఫ్రీ అనుకోవద్దు, ఎందుకో తెలిసినవాళ్లు కింద చెబుతారు), ఫోన్ 325, సెమిస్టర్ ఖర్చుల వాటా 2,100, సబ్బులూ వగైరా 500, బయటి చిరుతిళ్లు 1,000. మొత్తం 11,675. మిగిలేది 325.

ఇప్పుడు హాస్టల్. 6,500, బస్సు 700, ఫోన్ 325, సెమిస్టర్ వాటా 2,100, సబ్బులు 500. చిరుతిళ్లు ఇక్కడ 1,500 వేయాలి, ఎందుకంటే వారానికి రెండు పూటలైనా హాస్టల్ కూర ఎవరికీ దిగదు. మొత్తం 11,625. నెలవారీ లెక్కలో రెండూ ఒకటే అన్నమాట. "రూమ్ అయితే చవక" అనే మాట ముగ్గురూ రోజూ రెండు పూటలా వండినప్పుడే నిజం.

తేడా అంతా మొదటి రోజునే. రూమ్‌కి మీ వాటా: అడ్వాన్సు 8,000, మొదటి నెల అద్దె 4,000, బ్రోకర్ ఉంటే సగం నెల అద్దె అనుకున్నా 2,000, స్టవ్వు, గ్యాస్, రైస్ కుక్కర్ వాటా 1,300, గిన్నెలు 1,000, పరుపూ దిండూ 1,800, బకెట్, చీపురు, తాళం, బల్బులు 700. ఇదే 18,800. దాని మీద మొదటి సరుకులు 2,200, బస్ పాసు 700. మీ 25,000లో చేతిలో ఉండేది 3,300. హాస్టల్ అయితే అడ్వాన్సు వెయ్యో రెండు వేలో, మొదటి నెల ఫీజు 6,500, బకెట్టూ దుప్పటీ 1,000. పదివేల లోపు తేలిపోతుంది, 15,000 ఖాతాలో ఉంటుంది.

నా సలహా: మొదటి సెమిస్టర్ హాస్టల్. ఆ నాలుగయిదు నెలల్లో ఏ వీధిలో నీళ్లొస్తాయో, ఎవరితో మీకు పడుతుందో తెలుస్తుంది. రెండో సెమిస్టర్‌కి రూమ్ చూసుకోండి. ఇంటర్ స్నేహం వేరు, ఒకే సింకులో గిన్నెలు తోముకోవడం వేరు.

ఉప్పల్_రింగురోడ్డు:

చెల్లె, బస్సు లెక్క నేను చెప్త. మహాలక్ష్మి పథకం 2023 డిసెంబర్ 9 నుంచి ఉన్నది. సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఊర్లకైతే పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్. కని జీరో టికెట్ కొట్టాల్నంటె కండక్టర్‌కు తెలంగాణ అడ్రస్ ఉన్న గుర్తింపు కార్డు చూపెట్టాలె. నీ ఆధార్ల ఒంగోలు అడ్రస్ ఉంటది. టికెట్ పైసలు తీస్కుంటరు. మీ ఆంధ్రల స్త్రీశక్తి 2025 ఆగస్టు 15న మొదలైంది, అది అక్కడి ఆర్టీసీ బస్సులకే.

బస్సు కోసమని ఆధార్ అడ్రస్ మార్చుకోకు. ఇంటి కాడ రేషన్ కార్డు, పథకాలు అన్నీ అడ్రస్‌తోని ముడిపడి ఉంటయ్. మీ నాయిన్ని అడగకుంట ఆ పని చెయ్యకు.

స్టూడెంట్ పాస్ తీస్కో. 2025 జూన్ల రేట్లు పెరిగినంక మామూలు ఆర్డినరీ పాస్ 1,400 అయింది, స్టూడెంట్ పాస్ దాన్ల సగం గూడ ఉండది. ఆర్టీసీ వెబ్‌సైట్ల అప్లై చేస్తె కాలేజీ వాళ్లు అప్రూవ్ చెయ్యాలె, గక్కడనే ఆలస్యం అయితది. ఆఫీసుల అడ్మిషన్ నంబర్ ఎక్కెదాక పాస్ రాదు. అందుకే మొదటి రెండు వారాలకు టికెట్ పైసలు వేరే పెట్టుకో, రోజుకు 60–80 అనుకో.

కాలేజీ బస్సు ఏడాదికి పాతిక వేల పైన అడుగుతరు, ఒక్కసారే కట్టాలె, నడుమల మానేస్తె వాపస్ ఇయ్యరు. అది తీస్కునే ముందు ఇంకో లెక్క చూడు: బోడుప్పల్ల ఎందుకు? ఉప్పల్–నారపల్లి నడుమ ఫ్లైఓవర్ పనుల రోడ్డు అది, పొద్దుగాల గంట పట్టినా పట్టొచ్చు. అన్నోజిగూడ, ఘట్‌కేసర్ దిక్కు పోతె గదే పోర్షన్ 8–9 వేలకు దొరుకుతది, పాస్ ఖర్చు గూడ తప్పుతది. రాత్రి ఏడు దాటినంక ఆ గల్లీల లైట్లున్నయా, మెయిన్ రోడ్డు నుంచి ఎంత దూరం నడవాలె, అది మాత్రం కండ్లతోని చూసి రా.

పోపులడబ్బా:

తిండి 2,200కి అవుతుందా అని అనుమానం రావచ్చు. అవుతుంది, కొలత తెలిసి వండితే. ముగ్గురికి నెల సరుకులు ఇవి. ధరలు అటూఇటూగా చూసుకోండి.

సోనామసూరి బియ్యం ఒక బస్తా. ఇక్కడ చిన్న సంగతి: షాపుల్లో 26 కిలోల బస్తాలు ఎక్కువ కనిపిస్తాయి. 2022 జులై నుంచి 25 కిలోల దాకా ఉన్న ప్యాకింగ్ బియ్యం మీద 5 శాతం జీఎస్టీ వచ్చింది, కిలో ఎక్కువ పెట్టి మిల్లులు దాన్ని దాటేశాయి. కాబట్టి ధర అడిగేటప్పుడు బస్తా ఎంత అని కాదు, కిలో ఎంత పడిందో చూసుకోండి. మనిషికి పూటకి 130 గ్రాముల బియ్యం వేస్తే ముగ్గురికి రెండు పూటలకి రోజుకి 780 గ్రాములు. 26 కిలోలు 33 రోజులు వస్తాయి. బస్తా 1,450 అనుకుందాం.

కందిపప్పు రెండున్నర కిలోలు 325, మినప్పప్పూ శనగపప్పూ కలిపి కిలో 130, నూనె మూడు లీటర్లు 450, ఉప్మారవ్వ రెండు కిలోలు 100, గోధుమపిండి రెండు కిలోలు 100, చింతపండు పావుకిలో 55, ఉప్పు, ఆవాలు, జీలకర్ర, పసుపు 100, పంచదార రెండు కిలోలు 90, టీపొడి పావుకిలో 130. ఇక్కడికి 2,930. గుడ్లు రెండు ట్రేలు, అంటే అరవై, 390. పాలు రోజుకి అరలీటరు, నెలకి 900, పెరుగు అందులోంచే తోడేసుకోవాలి. కూరగాయలు వారానికి 350 చొప్పున 1,500. మొత్తం 5,720. మనిషికి 1,907. గ్యాస్ వాటా 240 కలిపితే 2,150. ఆదివారం కిలో చికెన్ తెచ్చుకుంటే మనిషికి నెలకి ఇంకో 300 కలుపుకోండి.

కారం, పచ్చళ్లు, పొడులు ఇంటి నుంచి తెచ్చుకోండి. ఇది ఇంటి మీద బెంగతో చెప్పే మాట కాదు, లెక్కే. కందిపొడి, కరివేపాకు పొడి, గోంగూర పచ్చడి ఉంటే కూర లేకపోయినా పూట గడుస్తుంది. ఆ పూట ముగ్గురూ బయట తింటే 300 పైనే. నెలకి అయిదు పూటలు అలా తప్పిస్తే 1,500, ముగ్గురి కూరగాయల ఖర్చు మొత్తం అదే.

కొలత ఎక్కడ తప్పుతుందంటే రైస్ కుక్కర్ దగ్గర. కుక్కర్‌తో వచ్చే చిన్న కప్పు 180 మిల్లీలీటర్లు, బియ్యం 150 గ్రాములు పడతాయి. ముగ్గురికి ఒక పూటకి రెండున్నర కప్పులు చాలు. కొత్తలో అందరూ ఇంట్లో గ్లాసు గుర్తుతో మూడు గ్లాసులు పోస్తారు, సగం అన్నం మిగులుతుంది, మర్నాడు పారేస్తారు. ఆ కప్పు పోగొట్టుకోకండి, బియ్యం డబ్బాలోనే పడేసి ఉంచండి.

నూనె ప్యాకెట్ మీద ధర కాదు, గ్రాములు చూడండి. లీటరు నూనె సుమారు 910 గ్రాములు తూగుతుంది. పక్కనే 10 రూపాయలు తక్కువకి ఉన్న ప్యాకెట్ 850 గ్రాములో 800 గ్రాములో ఉంటుంది, చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి.

కూరగాయలు వారానికోసారి వీధిలో పెట్టే అంగడిలో తీసుకోండి (మన వైపు సంత అంటామే, అదే). ఫ్రిజ్ లేదు కాబట్టి వండే వరస ముఖ్యం. ఆకుకూర ఆ రాత్రికే లేదా మర్నాటికి. రెండు, మూడు రోజుల్లో బెండ, వంకాయ, బీర. వారం చివరికి దొండ, దోసకాయ, బంగాళాదుంప, కంద. టమాటాలు సగం పచ్చివి ఏరుకోండి. కొత్తిమీర వేళ్లతో సహా గ్లాసు నీళ్లలో నిలబెడితే మూడు రోజులు ఉంటుంది. వానాకాలంలో బియ్యం బస్తా నేల మీద, గోడకి ఆనించి పెట్టకండి. చెమ్మ తగిలితే పురుగు పడుతుంది. రెండు ఇటుకలు, వాటి మీద చెక్క, దాని మీద బస్తా. నాలుగు వేపాకులు ఎండబెట్టి వేయండి. చవకగా వచ్చిందని రెండో బస్తా కొనకండి.

గ్యాస్: విద్యార్థులకి 14.2 కిలోల డొమెస్టిక్ కనెక్షన్ తీసుకోవడం అడ్రస్ కాగితాలతో పెద్ద పని. 5 కిలోల చిన్న సిలిండర్ గ్యాస్ ఏజెన్సీల్లోనూ కొన్ని పెట్రోల్ బంకుల్లోనూ గుర్తింపు కార్డు చూపిస్తే ఇస్తారు, అడ్రస్ ప్రూఫ్ అక్కర్లేదు. ఇండియన్ ఆయిల్ దాన్ని ఛోటు అంటుంది. కిలో లెక్కన పెద్ద సిలిండర్ కంటే ఖరీదే. అన్నం రైస్ కుక్కర్‌లో వండి, కూరా టీ మాత్రం స్టవ్ మీద చేస్తే రోజుకి 200 గ్రాములు, 25 రోజులు వస్తుంది. తీసుకునేటప్పుడు తూయించండి: ఖాళీ బరువు సిలిండర్ మీదే రాసి ఉంటుంది, దానికి అయిదు కిలోలు కలిపి తూగాలి. వీధి చివర షాపులో పెద్ద సిలిండర్ నుంచి చిన్నదాంట్లోకి గ్యాస్ ఎక్కించి అమ్ముతుంటారు, ఆ వైపు పోవద్దు. అది చట్టవిరుద్ధం. పైగా వాల్వ్ సరిగ్గా మూసుకోక లీకవుతుంది, సిలిండర్‌లో ఖాళీ వదలకుండా నింపితే వేడికి పేలుతుంది.

వంతులు వేసుకునేటప్పుడు వండేవాళ్లు, కూరలు తరిగేవాళ్లు, గిన్నెలు తోమేవాళ్లు అని పంచుకోండి. "ఈ రోజు నువ్వు, రేపు నేను" అని మొత్తం పని ఒక్కళ్ల మీద పెడితే మొదటి ఇంటర్నల్ పరీక్షలప్పుడే వంట ఆగిపోతుంది. స్టవ్ మీద దుమ్ము పేరుకుంటే మాత్రం హాస్టలే చవక.

మీటరు_రీడింగు:

కరెంటుకి 300 ఎలా వేశారో గానీ, అది 200 యూనిట్ల గీత దగ్గర మీరు ఎటున్నారన్న దాని మీద ఆధారపడుతుంది. తెలంగాణ గృహ టారిఫ్‌లో నెల వాడకం 200 దాటకపోతే మొదటి 100 యూనిట్లు 3.40 చొప్పున, తర్వాతి 100 యూనిట్లు 4.80 చొప్పున. 200 దాటితే పైన ఉన్న యూనిట్లకే కాదు, మొదటి 200 కూడా 5.10 చొప్పున అయిపోతాయి, ఆ పైవి 7.70.

మీ రూమ్ లెక్క చూద్దాం. 75 వాట్ల ఫ్యాన్లు రెండు, రోజుకి 14 గంటలు: నెలకి 63 యూనిట్లు. లైట్లు 8. ల్యాప్‌టాప్‌లు, ఫోన్లు 23. రైస్ కుక్కర్ 700 వాట్లు, రోజుకి గంట: 21. ఇక్కడికి 115. గీజర్ ఆపడం మర్చిపోతూ వాడితే రోజుకి రెండు యూనిట్లు, నెలకి 60. ఇండక్షన్ స్టవ్ సగటున 1,200 వాట్ల మీద గంట వాడితే 36. మొత్తం 211 యూనిట్లు. బిల్లు: 200 యూనిట్లకి 1,020, పై 11కి 85, మొత్తం 1,105. అదే 199 దగ్గర ఆగి ఉంటే 340, ఆ పైన 475, మొత్తం 815. పన్నెండు యూనిట్లకి 290 రూపాయలు. దీని మీద ఫిక్స్‌డ్ చార్జీ, ఎలక్ట్రిసిటీ డ్యూటీ రెండు చోట్లా ఉంటాయి.

గీజర్ బదులు వాటర్ హీటర్ రాడ్ పెడితే కరెంటు తక్కువ అంటారు. నీళ్లు వేడెక్కడానికి పట్టే కరెంటు ఒకటే. 20 లీటర్ల బకెట్ 25 డిగ్రీల నుంచి 40కి తేవడానికి 0.35 యూనిట్, ఎందులో కాచినా అంతే. గీజర్‌లో దండగ షవర్ కింద నిలబడటం వల్ల, స్విచ్ వేసి వదిలేయడం వల్ల. ముగ్గురూ ఒకరి తర్వాత ఒకరు తలా బకెట్ చొప్పున స్నానాలు చేసేస్తే రోజుకి యూనిట్‌తో అయిపోతుంది. నెలకి 30 తగ్గి 181 దగ్గర ఉంటారు. రాడ్ వాడితే మాత్రం ప్లగ్ పీకేశాకే నీళ్లలో చెయ్యి పెట్టండి, స్విచ్ ఆపడం చాలదు.

200 యూనిట్ల దాకా ఉచితం అనే గృహజ్యోతి తెలంగాణ రేషన్ కార్డుతో ముడిపడి ఉంది, దాన్ని మీ లెక్కలోకి తీసుకోకండి.

ఓనర్‌తో తేల్చుకోవాల్సింది ఇంకొకటి: విడి మీటరా, సబ్ మీటరా? ఇంటి మొత్తానికి ఒకే మీటరుండి మీకు సబ్ మీటర్ పెడితే యూనిట్‌కి 8, 10 అని ఓనరే రేటు చెబుతారు. 181 యూనిట్లకి 10 చొప్పున 1,810. పైన చెప్పిన పొదుపంతా గంగలో కలిసినట్టే. విడి మీటరైతే పాత బిల్లు ఒకటి అడిగి, దాని మీదున్న యూఎస్‌సీ (కనెక్షన్) నంబరుతో డిస్కం (కరెంటు కంపెనీ) వెబ్‌సైట్‌లో బాకీ ఏమైనా ఉందేమో చూడండి. దిగిన రోజు మీటర్ రీడింగ్ ఫొటో తీసి ఓనర్‌కి వాట్సాప్ చేయండి. ఖాళీ చేసిన రోజు మళ్లీ.

చిట్టాపద్దు:

పైవాళ్ల లెక్కలు చూశాక డబ్బు చేతిలో ఎలా పెట్టుకోవాలో కూడా రాస్తున్నాను, ఎందుకంటే 12,000 బడ్జెట్ తప్పేది మొదటి పది రోజుల్లోనే. ఒకటో తారీకున ఖాతాలో 12,000 కనిపిస్తుంది, అందులో 7,000 మీవి కావని గుర్తుండదు.

రెండు ఖాతాలు పెట్టుకోండి. నాన్నగారు పంపేది ఒకదాంట్లో పడాలి, దానికి యూపీఐ తగిలించకండి. అద్దె, సెమిస్టర్ వాటా 2,100 అందులోనే ఉంటాయి. రెండోదాంట్లోకి రోజువారీ డబ్బు. కనీస నిల్వ అక్కర్లేని ఖాతా చూసుకోండి. స్టేట్ బ్యాంక్ 2020లోనే సేవింగ్స్ ఖాతాలకి ఆ నిబంధన తీసేసింది. ప్రైవేటు బ్యాంకులో జీరో బ్యాలెన్స్ అని చెప్పి తెరిపించిన ఖాతా చదువు అయ్యాక మామూలు ఖాతాగా మారిపోవచ్చు, పెనాల్టీలు పడతాయి.

వారం ఖర్చుకి యూపీఐ లైట్ పనికొస్తుంది. అందులో 5,000 దాకా పెట్టుకోవచ్చు, ఒక్కో చెల్లింపు 1,000 దాకా పిన్ లేకుండా పోతుంది. పిన్ లేకపోవడమే దాని ప్రమాదం కూడా. కాబట్టి సోమవారం 400 మాత్రమే వేసుకుని, ఆటో టాప్ అప్ ఆపేయండి. గురువారానికే అయిపోతే మీకే తెలుస్తుంది. యూపీఐ సర్కిల్ అని ఇంకోటి ఉంది: నాన్నగారి ఖాతా నుంచే నెలకి 15,000 దాకా, ఒకసారికి 5,000 మించకుండా మీరు చెల్లించేలా ఆయన అనుమతి ఇవ్వొచ్చు. పద్ధతి మంచిదే, కానీ ప్రతి పానీపూరీ ఆయన ఫోన్‌లో టంగుమంటుంది. ఆలోచించుకోండి.

ముగ్గురి ఉమ్మడి ఖర్చుకి ఒకటో తారీకున ఒక్కొక్కరు 2,500 చొప్పున ఒకరి దగ్గర వేయండి. సరుకులు, పాలు, గ్యాస్, వైఫై అందులోంచే. కరెంటు బిల్లు వచ్చినప్పుడు పంచుకోండి. ఎవరికి వారు కొని నెలాఖరున లెక్క చూసుకుందామంటే, ఎవరు టమాటాలు తెచ్చారన్న దగ్గర మాటా మాటా వస్తుంది. ఊరెళ్లిన వాళ్లకి తగ్గింపు ఉందా లేదా ముందే అనుకోండి. అద్దె, వైఫైకి తగ్గింపు ఉండదు, తిండికి వరసగా అయిదు రోజులు దాటితే ఉంటుంది అనుకుంటే సరి.

అగ్రిమెంట్ మామూలుగా 11 నెలలకి రాస్తారు. సంతకం పెట్టే ముందు మూడు సంగతులు అందులో రాయించండి: ఖాళీ చేయడానికి ఎన్ని రోజుల ముందు చెప్పాలి, పెయింటింగ్‌కి ఎంత కోస్తారు, అడ్వాన్సు ఎన్ని రోజుల్లో తిరిగిస్తారు. ఒక నెల అద్దె పెయింటింగ్ కింద కోయడం చాలాచోట్ల ఉంది. మీ వాటా 8,000 అడ్వాన్సులో తిరిగొచ్చేది 4,000 అనుకోండి. మధ్యలో ఒకమ్మాయి వెళ్లిపోతే ఆమె అడ్వాన్సు వాటా ఎవరివ్వాలో మీ ముగ్గురూ కాగితం మీద రాసుకోండి. కొత్తగా వచ్చే అమ్మాయి ఇవ్వాలి, ఎవరూ రాకపోతే నెల నోటీసు తర్వాత వెళ్లాలి అనేది న్యాయమైన పద్ధతి.

గది చూడకుండా ఫోన్‌లో టోకెన్ అడ్వాన్సు పంపకండి. మీకు డబ్బు రావడానికి క్యూఆర్ స్కాన్ చేయమన్నా, పిన్ కొట్టమన్నా అది మోసమే, డబ్బు తీసుకోవడానికి పిన్ అక్కర్లేదు. పొరపాటున పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, గంటలు గడిచేకొద్దీ ఆ డబ్బు వేరే ఖాతాలకి మారిపోతుంది.

ఒంగోలు_పిల్ల:

అందరికీ చాలా థాంక్సండీ. బస్సు సున్నా అని రాసుకున్నది తలుచుకుంటే నవ్వొస్తోంది. మొదటి సెమిస్టర్‌కి హాస్టలే అనుకున్నాం, ముగ్గురం ఒకే గదిలో. అన్నోజిగూడ వైపు చూస్తాం. ఇంకో రెండు అడగాలి: హాస్టల్ చూడ్డానికి వెళ్లినప్పుడు ఏం చూడాలి? సంక్రాంతికి ఊరెళ్లడానికి వెయ్యిలో అవుతుందా?

పోపులడబ్బా:

పగలు వెళ్లకమ్మా. రాత్రి ఎనిమిదిన్నరకి, భోజనాల వేళకి వెళ్లు. కూర ఆ టైముకి అయిపోయిందా, అన్నం వేడిగా ఉందా, పెరుగు పెరుగులా ఉందా నీళ్ల మజ్జిగలా ఉందా, నీ కళ్లతో నువ్వే చూస్తావు. అక్కడున్న అమ్మాయిల్ని ఆదివారం రాత్రి భోజనం పెడతారా అని అడుగు, చాలాచోట్ల ఆ పూట వంట ఉండదు. నెలకి నాలుగు పూటలు బయట, అంటే 400. ఉదయం ఏడున్నరకి బాత్రూమ్‌లో నీళ్లుంటాయా అని కూడా వాళ్లనే అడగాలి, వార్డెన్‌ని కాదు.

చిట్టాపద్దు:

ఫీజు ఒకటో తారీకు నుంచా, చేరిన తారీకు నుంచా? నెల మధ్యలో చేరితే సగమే తీసుకుంటారా? అడ్వాన్సులో మెయింటెనెన్స్ పేరుతో ఎంత కోస్తారు, ఎన్ని రోజుల ముందు చెప్పాలి? ఇవి రసీదు వెనకే రాయించుకోండి. సెమిస్టర్ సెలవుల్లో నెలంతా ఊళ్లో ఉంటే బెడ్ ఉంచడానికి ఎంత కట్టాలో కూడా. కొందరు సగం అంటారు, కొందరు పూర్తిగా కట్టమంటారు, ఆ 3,250 తేడా ఎక్కడా తేలిగ్గా పూడదు.

ఉప్పల్_రింగురోడ్డు:

సంక్రాంతికి రైలైతె వెయ్యిల అయితది, ప్రైవేటు బస్సైతె ఒక్క దిక్కుకే అంతకు మించి అడుగుతరు. రైల్వే రిజర్వేషన్ 2024 నవంబర్ నుంచి 60 రోజుల ముందే తెరుస్తున్నరు, ఇదివరకు 120 ఉండె. జనవరి 12న పోవాల్నంటె నవంబర్ 13 పొద్దుగాల ఎనిమిది గంటలకు బుకింగ్ మొదలయితది. పండుగ రోజులల్ల కాసేపట్లనే వెయిటింగ్ లిస్టు పడుతది. ఏడు యాభై కల్లా లాగిన్ అయి, మీ ముగ్గురి పేర్లు మాస్టర్ లిస్టుల ముందే ఎక్కించి పెట్టుకో. తిరుగు టికెట్ గూడ మర్వకు, అది వేరే రోజు తెరుస్తరు.